సగం సీసా

మా మందుల గదిలో ఒక రిజిస్టరు ఉంది. అందులో రోగుల పేర్లు ఇద్దరిద్దరివి కలిపి రాస్తాను. వాళ్ళు మొగుడూ పెళ్ళాలు కారు, అన్నదమ్ములు కారు, చాలాసార్లు ఒక జిల్లా వాళ్ళు కూడా కారు. రెండు పేర్లనూ కలుపుతూ ఒక బ్రాకెట్టు, పక్కన తేదీ, ఆ పక్కన మందు బ్యాచ్ నంబరు. ఒక్క సీసాలోని మందును చెరిసగం పంచుకునేవాళ్ళన్నమాట. మా నర్సులు వీళ్ళకి ‘సీసా చుట్టాలు’ అని పేరు పెట్టారు.

నేను ఫార్మసిస్టును. విశాఖపట్నంలో ఒక క్యాన్సర్ ఆసుపత్రి డేకేర్‌లో ఇరవై రెండేళ్ళుగా కీమో మందులు కలుపుతున్నాను. డాక్టర్లు రాస్తారు, నర్సులు ఎక్కిస్తారు. ఈ రెంటి మధ్యా గాజు తలుపు వెనక గౌనూ, రెండు జతల గ్లవుజులూ వేసుకుని సిరంజి పట్టుకునేది మేం. రోగులకు మా మొహాలు తెలియవు. ఈ జంటల పద్ధతి వచ్చాక మాత్రం ఫోన్లు చేసే పని కూడా నా మీద పడింది. ‘మామ్మా, వచ్చే మంగళవారం తప్పకుండా రావాలి. నువ్వు రాకపోతే ఇంకొకళ్ళ మందు కూడా ఆగిపోతుంది’ అని ముందే గుర్తు చేయాలి.

ఆ మందు పేరు నివోలుమాబ్. క్యాన్సర్ మీదికి మన ఒంట్లోని రక్షణ వ్యవస్థనే ఉసిగొల్పే యాంటీబాడీ మందుల్లో ఒకటి. మాకొచ్చే చిన్న వయల్‌లో నాలుగు మిల్లీలీటర్లుంటుంది, అంటే 40 మిల్లీగ్రాములు. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. దగ్గు మందులా ఊపకూడదు, నురగ వస్తే ప్రోటీను పాడవుతుంది. మూత మీద రబ్బరు ఒకసారి గుచ్చామంటే మిగిలింది దాచుకోవడానికి లేదు, ఆ పూటే వాడేయాలి. మేం ఒక్కొక్కరికి ఇచ్చేది రెండు మిల్లీలీటర్లు, 20 మిల్లీగ్రాములు. అందుకే జంట కావాలి. జంట దొరక్కపోతే సగం మందు చెత్తలోకి పోతుంది, పూర్తి బిల్లు ఒక్కరి నెత్తిన పడుతుంది.

పోయిన ఏడాది అలా జత చేసిన ఇద్దరి గురించి చెప్పాలి. ఒకామె పలాస దగ్గర పల్లెటూరి మామ్మ. జీడిపిక్కలు కొట్టి బతికిన చేతులు, వేళ్ళ చివర్లు నల్లగా ఉంటాయి. అంగిట్లో క్యాన్సర్. ఎందుకొచ్చిందో ఉత్తరాంధ్ర వాళ్ళకి చెప్పక్కర్లేదు. అడ్డపొగ. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు మా వైపు పాతకాలపు ఆడవాళ్ళలో ఎక్కువ. అది అంగిలిని ఎలా కాలుస్తుందో దశాబ్దాలుగా వైద్య పత్రికలు రాస్తూనే ఉన్నాయి. రెండో మనిషి తునికి చెందిన లారీ డ్రైవరు, నలభై నాలుగేళ్ళు. రాత్రిళ్ళు నిద్ర ఆపుకోవడానికి బుగ్గలో ఖైనీ పెట్టుకునేవాడు, ఆ బుగ్గలోనే పుండు. మన దేశంలో మగవాళ్ళకి వచ్చే క్యాన్సర్లలో నోటి క్యాన్సరుదే మొదటి స్థానం. అతను ఆ వరసలో ఒకడు. ఇద్దరికీ ఆపరేషనూ రేడియేషనూ అయిపోయి, రోగం మళ్ళీ తిరగబెట్టింది.

మొదటిరోజు మామ్మ గాజు తలుపుకి ముక్కు ఆనించి చూసింది. నేను బయటికొచ్చాక అడిగింది.

‘ఏటమ్మా, అంత సీసా ఉంచుకుని అంతే లాగినావు? సగం మందుకి సగం రోగమే పోద్ది గావాల?’

పక్క కుర్చీలో ఉన్న డ్రైవరుకి మాట సరిగా రాదు. అయినా నవ్వి, ‘సగం నీకు, సగం నాకు మామ్మా. పంపకాలైపోయినాయి’ అన్నాడు.

మామ్మ ప్రశ్న నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ మందుల మీద ప్రపంచంలో ఎవరైనా అడగాల్సిన అతి ముఖ్యమైన ప్రశ్న అదే. ఈ వ్యాసం రాస్తున్నదీ దాని కోసమే.

ఆవిడకి అప్పుడు నేను చెప్పిన జవాబు ఇది. మన రక్తంలో టి-కణాలు అనే కావలి కణాలుంటాయి. అవి మరీ రెచ్చిపోయి సొంత ఒంటినే కొరక్కుండా వాటి మీద ఒక స్విచ్చి ఉంటుంది. దాన్ని నొక్కితే కణం చల్లబడుతుంది. క్యాన్సర్ కణం ఆ స్విచ్చి ఎక్కడుందో కనిపెట్టి, దగ్గరికొచ్చిన ప్రతి టి-కణాన్నీ ఆపేస్తుంది. ఈ మందు చేసే పనల్లా ఆ స్విచ్చి మీద మూత పెట్టడం. మూత పడ్డాక క్యాన్సర్ ఎంత నొక్కినా కావలివాడు ఆగడు. ఆ స్విచ్చి పేరు పీడీ-1. జపాన్‌లోని క్యోటోలో తసుకు హోంజో బృందం దాన్ని 1992లో గుర్తించింది. సీటీఎల్ఏ-4 అనే మరో స్విచ్చికి మూత పెడితే ఎలుకల్లో గడ్డలు కరుగుతాయని అమెరికాలో జేమ్స్ ఆలిసన్ 1996లో చూపించారు. ఇద్దరికీ కలిపి 2018లో నోబెల్ వచ్చింది. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు 2015లో మెలనోమా క్యాన్సర్ కాలేయానికీ మెదడుకీ పాకింది. ఆపరేషనూ రేడియేషనూ చేసి, పెంబ్రొలిజుమాబ్ అనే ఇదే కోవ మందు ఇచ్చారు. ఆ డిసెంబరుకే క్యాన్సర్ జాడ లేదని ఆయన ప్రకటించారు. తర్వాత తొమ్మిదేళ్ళు బతికి, నూరేళ్ళు నిండాక 2024 డిసెంబరులో పోయారు.

ఇప్పుడు మామ్మ ప్రశ్నకొద్దాం. మా ఇంట్లో పది స్విచ్చులున్నాయి. పసిపిల్లలు వేలు పెట్టకుండా మూతలు కొనాలంటే పది చాలు. వంద కొంటే తొంభై అటకెక్కుతాయి తప్ప పిల్లలకి పదిరెట్లు రక్షణ రాదు. కీమో మందుల లెక్క ఇలా ఉండదు. అవి విషాలు. క్యాన్సర్ కణాన్ని చంపుతాయి, పక్కన ఉన్న మంచి కణాన్నీ చంపుతాయి. ఎక్కువ ఇస్తే ఎక్కువ చస్తుంది గనక, ఒళ్ళు ఎంతదాకా ఓర్చుకుంటుందో చూసి ఆ అంచు దగ్గర మోతాదు ఖాయం చేయడం వాటి పద్ధతి. నేను నేర్చుకున్నదీ అదే. యాంటీబాడీలు వచ్చాక కూడా ఆ అలవాటు మనసులోంచి పోలేదు.

నివోలుమాబ్‌ను తొలి దశ పరీక్షల్లో మనుషులకి ఒంటి బరువు కిలోకి 0.1 మిల్లీగ్రాము నుంచి 10 మిల్లీగ్రాముల దాకా ఇచ్చి చూశారు. కిందికీ పైకీ వంద రెట్లు తేడా. పది దాకా పెంచినా ఓర్చుకోలేని హద్దు తగల్లేదు. 2010లో అచ్చయిన తొలి ఫలితాల్లో ఇంకో సంగతి ఉంది. కిలోకి 0.3 మిల్లీగ్రాములు ఇచ్చినా, 10 ఇచ్చినా, రక్తంలోని టి-కణాల మీద పీడీ-1 స్విచ్చుల్లో సుమారు డెబ్బై శాతం మూతపడ్డాయి, ఆ మూతలు రెండు నెలలకి పైగా ఊడలేదు. అరవై కిలోల మనిషికి 0.3 చొప్పున లెక్క కడితే 18 మిల్లీగ్రాములు. మేమిచ్చే 20కి చాలా దగ్గర.

మరి మందు బజారుకొచ్చేసరికి మోతాదు ఎంత? మొదట కిలోకి 3 మిల్లీగ్రాములు, రెండు వారాలకోసారి. తర్వాత బరువుతో పని లేకుండా అందరికీ 240 మిల్లీగ్రాములన్నారు. మూడు చొప్పున భాగించి చూస్తే అది ఎనభై కిలోల మనిషి మోతాదు. మా మామ్మ బరువు నలభై ఒకటి. కిలో లెక్కనైతే 123 మిల్లీగ్రాములు సరిపోయే మనిషికి 240 రాస్తున్నామన్నమాట. పెంబ్రొలిజుమాబ్ కథా ఇంతే. కిలోకి 2 మిల్లీగ్రాములు ఇచ్చినవాళ్ళకీ 10 ఇచ్చినవాళ్ళకీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదని పెద్ద పరీక్షల్లోనే తేలింది. అయినా లేబులు మీద అందరికీ కలిపి 200 అని ఉంటుంది. డబ్బున్న దేశమైన కెనడాలోనే చాలాచోట్ల కిలోకి 2 చొప్పున, 200 మించకుండా ఇస్తున్నారు. అక్కడివాళ్ళకి లెక్కపెట్టుకోవడం తప్పు కానప్పుడు మనకెందుకు తప్పవుతుంది?

20 మిల్లీగ్రాముల మాట మాకు ముంబయి టాటా మెమోరియల్ నుంచి వచ్చింది. అక్కడి డాక్టర్లు తల, మెడ భాగాల క్యాన్సర్లు ముదిరిపోయిన 151 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి మూడు రకాల మాత్రలు: వారానికోసారి మెథోట్రెక్సేట్, రోజూ సెలికాక్సిబ్, ఎర్లోటినిబ్. రెండో గుంపుకి అవే మాత్రలతోపాటు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్. ఏడాది తిరిగేసరికి మాత్రలు మాత్రమే వేసుకున్నవాళ్ళలో బతికున్నది 16.3 శాతం. సగం సీసా కలిసినవాళ్ళలో 43.4 శాతం. 2022లో ఈ ఫలితం పేరున్న పత్రికలో వచ్చింది. పూర్తి మోతాదు కొనగలిగేవాళ్ళు మనలాంటి దేశాల్లో నూటికి ముగ్గురికి మించరని కూడా ఆ డాక్టర్లే అందులో రాశారు.

ఆ మెథోట్రెక్సేట్ మాత్ర ముట్టుకున్నప్పుడల్లా నాకు భీమవరం గుర్తొస్తుంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందమే అమినోప్టెరిన్‌నూ, దాని తమ్ముడి లాంటి ఈ మెథోట్రెక్సేట్‌నూ తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ అమినోప్టెరిన్‌తోనే లుకేమియా పిల్లలకి తొలిసారి కొన్నాళ్ళ ఊరట తేగలిగాడు. 1948లో సుబ్బారావు పోయారు. ఆయన బృందం చేసిన మాత్ర ఇవాళ చాలా చవగ్గా దొరుకుతుంది. సగం సీసాకి తోడుగా మామ్మ సంచిలోకి వెళ్ళేదీ అదే. వెళ్ళేముందు చీటీ మీద ఎర్ర పెన్నుతో ‘ఆదివారం మాత్రమే’ అని రాసి మూడు గీతలు గీస్తాను. వారానికి వేసుకోవాల్సింది రోజూ వేసుకుంటే ప్రాణం పోతుంది. చవక మందు గదా అని అలుసు పనికిరాదు.

ఇక్కడొక చిన్న లెక్క. ఆరు వారాల కాలం తీసుకోండి. లేబులు ప్రకారం ఇస్తే 240 చొప్పున మూడుసార్లు, మొత్తం 720 మిల్లీగ్రాములు. చిన్న వయల్స్ పద్దెనిమిది. ముంబయి పద్ధతిలో 20 చొప్పున రెండుసార్లు, మొత్తం 40. వయల్ ఒక్కటి. క్యాన్సర్ మందుల మీద సుంకం తీసేశామని ప్రభుత్వం చెబుతుంది. నిజమే, తీసింది. 2023 మార్చిలో పెంబ్రొలిజుమాబ్ మీద తీసేశారు, 2024 జులై బడ్జెట్లో దుర్వాలుమాబ్‌తో కలిపి మరో మూడింటి మీద తీసేశారు. మంచిదే. కానీ పద్దెనిమిది సీసాలు కొనాల్సినవాడికి పది శాతం తగ్గించడమంటే రెండు సీసాల ఖర్చు కూడా తగ్గించినట్టు కాదు. నాకు తెలిసిన కుటుంబాలకి పదిహేడు సీసాల ఖర్చు తగ్గాలి.

ఇంతవరకూ చెప్పి ఊరుకుంటే ఇది ప్రకటన అవుతుంది. రెండోవైపు కూడా చెప్పాలి.

నాలుగో విడతకి మామ్మ నోట్లో వాపు దిగింది. గంజి దాటి మెత్తటి అన్నంలోకి వచ్చింది. ఏడో విడతకి ఒళ్ళంతా బరువుగా ఉందని, ఎప్పుడూ నిద్రేనని చెప్పింది. చూస్తే థైరాయిడ్ పడిపోయింది. కావలివాళ్ళని విప్పి వదిలినప్పుడు ఒక్కోసారి వాళ్ళు సొంతింటి మీద కూడా పడతారు. థైరాయిడ్, ఊపిరితిత్తులు, పేగులు, కాలేయం, అరుదుగా గుండె. మామ్మకి ఉదయాన్నే ఒక మాత్రతో సరిపోయింది. అందరికీ అంత తేలిగ్గా పోదు. ఇంకొకరికి విరేచనాలు పట్టుకుంటే ఊళ్ళో ఆర్‌ఎంపీ నీళ్ళ విరేచనాల మందులు నాలుగు రోజులిచ్చాడు. అది స్టెరాయిడ్లతో వెంటనే ఆపాల్సిన జబ్బని ఆయనకెలా తెలుస్తుంది? అప్పట్నుంచి ఒక అట్ట ముక్క మీద తెలుగులో రాసి ప్రతి రోగి జేబులోనూ పెడుతున్నాను: ‘నేను ఇమ్యునోథెరపీ తీసుకుంటున్నాను. విరేచనాలు, ఆయాసం, కళ్ళు పచ్చబడటం ఉంటే మందివ్వక ముందు ఈ నంబరుకి ఫోన్ చేయండి.’ మోతాదు తగ్గించినంత మాత్రాన ఈ గండం తప్పిందనుకోకూడదు.

డ్రైవరుకి పనిచేయలేదు. అదే సీసా, అదే మంగళవారం, అదే సిరంజి కొలత. మూడో విడతకే మెడలో గడ్డ పెరిగింది. అయిదో నెలలో పోయాడు. పదిహేను రోజులకి అతని భార్య పాత బిల్లులు తీసుకోవడానికి వచ్చింది. లారీ ఫైనాన్సు వాళ్ళకి ఏవో చూపించాలట. బిల్లులు ఇస్తుంటే తల ఎత్తకుండా అడిగింది.

‘మేడమ్, సగం మందే ఇవ్వబట్టి పోయాడా?’

ఇరవై రెండేళ్ళ అనుభవం నాకేమీ అందివ్వలేదు. నాకు తెలిసిన లెక్క ఒకటుంది. ఇలా తిరగబెట్టిన తల, మెడ క్యాన్సర్లకి పూర్తి మోతాదు నివోలుమాబ్ ఇచ్చిన పెద్ద పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. అందులో మందు తీసుకున్నది 240 మంది. గడ్డ గణనీయంగా తగ్గింది నూటికి పదమూడు మందికే. ఏడాదికి బతికున్నది 36 శాతం. పద్దెనిమిది సీసాలు పోసినా ఎక్కువమందికి పనిచేయని మందు ఇది. అది ఆవిడకి చెప్పాను. కానీ ఆవిడడిగింది ఎక్కువమంది గురించి కాదు. తన మొగుడి గురించి. నిజాయితీగా చెప్పాలంటే ముంబయి పరీక్ష సగం సీసాని సున్నాతో పోల్చింది, పూర్తి మోతాదుతో పోల్చలేదు. 36నీ 43నీ పక్కపక్కన పెట్టి చిన్నదే గొప్పదనడానికి వీల్లేదు. వేర్వేరు దేశాలు, వేర్వేరు రోగులు, పక్కన ఇచ్చిన మాత్రలూ వేరు. ముంబయిలో కూడా సగంమంది బతికున్న కాలం 6.7 నెలల నుంచి 10.1 నెలలకి పెరిగింది, అంతే. మందుల కంపెనీల వైపు శాస్త్రవేత్తలు అడిగే ప్రశ్న కూడా కొట్టిపారేసేది కాదు: రక్తంలో స్విచ్చులు మూతపడ్డాయి సరే, గడ్డ లోపల కూడా పడ్డాయని ఏమిటి నమ్మకం?

ఇక్కడే నా అభిప్రాయం మొదలవుతుంది. ఈ ప్రశ్నకి జవాబు ఎవరు కనిపెట్టాలి? పద్దెనిమిదో వంతు మందుతో పనైపోతుందని రుజువు చేయడానికి ఆ మందు అమ్ముకునే కంపెనీ డబ్బు పెట్టదు. పెట్టాలని అడగడం కూడా అమాయకత్వం. పెంబ్రొలిజుమాబ్ ఒక్కటే 2024లో దాదాపు 2,950 కోట్ల డాలర్లు అమ్ముడైంది. అంత కాసే చెట్టు కొమ్మ ఎవరు నరుక్కుంటారు? అమెరికా ఔషధ నియంత్రణ సంస్థే 2021లో ప్రాజెక్ట్ ఆప్టిమస్ పేరుతో, కొత్త క్యాన్సర్ మందులకి ఒళ్ళు ఓర్చుకునే గరిష్ఠ మోతాదు బదులు సరైన మోతాదు వెతికి రమ్మని కంపెనీలకి చెప్పడం మొదలెట్టింది. అది రాబోయే మందులకి. ఇప్పటికే ఖాయమైపోయిన వాటి మోతాదు వెతికే అవసరం కొనలేనివాళ్ళకే ఉంది. అంటే మనకే.

మన దగ్గర రోగులున్నారు. దురదృష్టమే అయినా నిజం. అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా ఆసుపత్రి ఉంది, హైదరాబాద్‌ రెడ్ హిల్స్‌లో ఎం.ఎన్.జె. ఉంది, దేశమంతటి ఆసుపత్రులనూ కలిపే నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ ఉంది. ఆ గ్రిడ్ ఇప్పటికే నలభై మందులకి ఉమ్మడిగా బేరమాడి ధరలు బాగా దింపింది. కొనడానికి కలిసినవాళ్ళు కనుక్కోవడానికి ఎందుకు కలవకూడదు? సగం సీసాని పూర్తి మోతాదుతో ముఖాముఖి పోల్చే పరీక్ష పెట్టండి. రెండు తెలుగు ప్రభుత్వాలూ ఆరోగ్య పథకాల కింద క్యాన్సర్ వైద్యానికి ఖర్చు పెడుతూనే ఉన్నాయి. అందులో చిటికెడు ఈ పరీక్షకి పెడితే, తేలే జవాబు ఏదైనా ఆ డబ్బు వృథా కాదు. చిన్న మోతాదు చాలని తేలితే లక్షల మందికి తలుపు తెరుచుకుంటుంది. చాలదని తేలితే నేను సిరంజి మార్చుకుంటాను, ధర తగ్గించమని మరింత గట్టిగా అడుగుతాను.

‘పేదోడికి పేద వైద్యమా?’ అని నన్ను కసిరిన డాక్టర్లున్నారు. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. సగం సీసా అలవాటైతే ప్రభుత్వం చేతులు దులుపుకుంటుందని వాళ్ళ భయం. కానీ ఈ వైద్యం రాకముందు డ్రైవరుకీ మామ్మకీ అందుబాటులో ఉన్నది పూర్తి సీసా కాదు. మాత్రలూ, మార్ఫినూ, ఇంటిదారీ. పోలిక పెట్టాల్సింది వాటితో. ఇంకో రకం భయం మాత్రం నాక్కూడా ఉంది. తక్కువ డోసు పేరు చెప్పి, ఏ క్యాన్సర్‌కైనా ఎవరికైనా రెండు చుక్కలు పోసి లక్ష గుంజే దుకాణాలు పుట్టుకొస్తాయి. 2022లో న్యూయార్క్‌లో దోస్తార్లిమాబ్ అనే మందుతో పురీషనాళ క్యాన్సర్ రోగులందరికీ గడ్డలు మాయమైనప్పుడు నా ఫోన్‌కి వారం పాటు ఫార్వర్డులు వచ్చాయి. ఒక్కటి కూడా చెప్పని విషయం, ఆ రోగులందరి గడ్డల్లోనూ డీఎన్ఏ తప్పులు సరిదిద్దే ఏర్పాటు చెడిపోయి ఉందని, అలాంటివాళ్ళు ఆ క్యాన్సర్‌లో నూటికి పదిమంది లోపేనని. ఎవరికి, ఏ క్యాన్సర్‌కి, ఎంత అని తేల్చి రాసిన పద్ధతి లేకపోతే ఆ దుకాణాలని ఆపే ఆయుధం కూడా మన దగ్గర ఉండదు. అందుకు కూడా పరీక్షే కావాలి.

రెండో కోరిక మా హైదరాబాద్ కంపెనీలకి. నివోలుమాబ్ మీద మన దేశంలో పేటెంటు 2006 నాటి దరఖాస్తుది. ఇరవై ఏళ్ళ గడువు 2026 దాకానే. దాని మీద బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్‌కీ, అహ్మదాబాద్ కంపెనీ జైడస్‌కీ ఢిల్లీ హైకోర్టులో గట్టి పోరే నడిచింది. ఇక నకలు మందులు రావడం ఆగదు. యాంటీబాడీ మందుల నకళ్ళలో మనవాళ్ళు వెనకబడినవాళ్ళు కారు. రిటుక్సిమాబ్ నకలును డాక్టర్ రెడ్డీస్ 2007లోనే మన మార్కెట్లోకి తెచ్చింది. దాన్ని నా చేతుల్తో ఎన్ని వందలసార్లు కలిపానో లెక్కలేదు. అయితే నకలు తీసేటప్పుడు సీసా కొలత కూడా నకలు తీయకండి. ఇప్పుడున్న 40, 100 మిల్లీగ్రాముల సీసాలు ఎనభై కిలోల ఒంటికి కుదిరిన కొలతలు. మాకు ఇరవై మిల్లీగ్రాముల సీసా కావాలి. ఒక మనిషికి ఒక సీసా. గాజు ఖర్చు కొంచెం పెరుగుతుందేమో. కానీ పలాస నుంచి ఒకరూ తుని నుంచి ఒకరూ ఒకే మంగళవారం రాలేకపోయినా మందు ఆగదు. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రి లేని ఊళ్ళో కూడా, జంట దొరకని చోట కూడా ఇవ్వొచ్చు.

మూడోది పథకాల బాబులకి, బీమా బాబులకి. బిల్లు సీసాల్లో కాకుండా మిల్లీగ్రాముల్లో కట్టండి. మా కంప్యూటరుకి సగం సీసా అంటే ఏమిటో తెలియదు. సగం అని కొడితే తప్పు చూపిస్తుంది. ఒకరి పేరు మీద పూర్తి సీసా రాసి, రెండోవాళ్ళ దగ్గర చేబదులు తీసుకున్నట్టు తెల్ల కాగితం మీద లెక్క రాసుకోవాల్సి వస్తోంది. ప్రాణం పోసే మందుని దొంగ లెక్కలా రాయాల్సి రావడం సిగ్గుచేటు.

డ్రైవరు పోయిన తర్వాతి మంగళవారం మామ్మ పలాస ప్యాసింజరు దిగి మామూలుగానే వచ్చింది. పక్క కుర్చీ వైపు చూసి, ‘ఆ బాబు రాలేదేటి?’ అంది. చెప్పాను. చాలాసేపు ఊరుకుంది. ఆ రోజు జంట దొరకలేదు. ఫోన్లు చేశాను, అనకాపల్లి మనిషికి జ్వరం, పాయకరావుపేట మనిషికి దారిఖర్చు లేదు. సాయంత్రానికి మిగిలిన రెండు మిల్లీలీటర్లూ పసుపు డబ్బాలో పారేసి, రిజిస్టరులో ‘వృథా: 20 మి.గ్రా.’ అని రాశాను. ఒక మనిషికి మూడు వారాల మందు అది. మామ్మ పూర్తి సీసాకి డబ్బు కట్టింది. చెవుల్లో దుద్దులు లేవని నేను తర్వాత గమనించాను.

ఇప్పుడు ఆవిడకి అనకాపల్లి మనిషి జత కుదిరాడు. మామ్మ పేరు పెన్నుతోనే రాస్తున్నాను. బ్రాకెట్టులో పక్క పేరు మాత్రం పెన్సిల్‌తో రాస్తున్నాను, ఇరవై మిల్లీగ్రాముల సీసా వచ్చేదాకా.